ప్రదేశంలోని ఖాళీ, పరిశీలనలోని ఖాళీ: అనువర్తిత టోపాలజీ, దాని పరిశోధక సముదాయం

వ్యాససంగ్రహం:

దత్తాంశానికి గల ఆకారాన్ని అధ్యయనం చేసే అనువర్తిత టోపాలజీ గడచిన మూడు దశాబ్దాలలో గణితం, కంప్యూటర్ శాస్త్రం, సంఖ్యాకశాస్త్రం కలిసే చోట ఒక ప్రత్యేక పరిశోధనరంగంగా నిలదొక్కుకుంది. ఈ రంగం మూలభావనలను పల్నాడు జిల్లా రైలుమార్గాలు, భూగర్భజల పరీక్షల ఉదాహరణలతో వివరించడం, ఇందులోని పరిశోధక సముదాయం పని చేసే తీరును పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. దత్తాంశంలో కనిపించే ఖాళీ ఆ ప్రదేశానికి చెందినదా, లేక పరిశీలన అక్కడికి చేరకపోవడం వల్ల ఏర్పడినదా అన్న ప్రశ్న ఈ చర్చకు కేంద్రం.

కీలకపదాలు: టోపాలజీ, దత్తాంశ విశ్లేషణ, పెర్సిస్టెంట్ హోమాలజీ, బెట్టీ సంఖ్యలు, ఫ్లోరైడ్, భూగర్భజలం, పల్నాడు, పరిశోధక సముదాయం.

1. ప్రవేశిక

తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతింటున్న సంగతి భారతదేశంలో శాస్త్రీయంగా వెలుగులోకి వచ్చింది 1937లో. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచి ఆ నివేదిక వెలువడింది. ప్రకాశం జిల్లా ఇంకా ఏర్పడని ఆ రోజులలో నెల్లూరు జిల్లా ఉత్తరపు కొస పల్నాడు ప్రాంతానికి పొరుగునే ఉండేది. పల్నాడులోనూ ఫ్లోరైడ్ బాధిత గ్రామాలు ఉన్నాయి. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో ఫ్లోరైడ్‌కు లీటరుకు 1.0 మిల్లీగ్రామును ఆమోదయోగ్య పరిమితిగా, వేరే నీటివనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది.

ఒక పరిశోధకుడు ఈ ప్రాంతపు బోరుబావుల నీటిని పరీక్షించి, 1.5 దాటిన ప్రతి బోరునూ పటం మీద ఎర్రచుక్కతో గుర్తించాడని అనుకుందాం. చుక్కలు కొన్ని చోట్ల గుంపులుగా, కొన్ని చోట్ల వరుసగా, ఒకచోట వలయంలా కనిపించవచ్చు. ఆ వలయం నడుమ ఉన్న తెల్లని భాగానికి అర్థం ఏమిటి? అక్కడి నీరు మంచిదని ఒక అర్థం. అక్కడి నీటిని ఎవరూ పరీక్షించలేదని మరొక అర్థం. పటం ఈ రెండింటినీ ఒకే తెల్లదనంతో చూపిస్తుంది. వలయం నడుమ ఒక ఊరు ఉంటే, ఆ ఊరికి రక్షిత నీటి పథకం అవసరమా కాదా అన్న నిర్ణయం ఈ తెల్లదనాన్ని చదివే తీరు మీద ఆధారపడుతుంది.

ఖాళీలను కొలిచే గణితశాఖ టోపాలజీ. దాన్ని దత్తాంశానికి వర్తింపజేసే రంగమే టోపలాజికల్ డేటా ఎనాలిసిస్. ఖాళీని కనుగొనడంలో ఈ రంగానికి మంచి పేరుంది. కనుగొన్న ఖాళీ ఎక్కడిదన్న ప్రశ్నకు సమాధానం చెప్పే సాధనమూ ఈ రంగంలోనే ఉంది గాని, ప్రథమ పరిచయాలలో దానికి దక్కే చోటు తక్కువ.

2. రైలు పటం నుంచి బెట్టీ సంఖ్యకు

టోపాలజీ పొడవులను, కోణాలను పట్టించుకోదు. ఒక వస్తువును తెంచకుండా, కొత్తగా అతికించకుండా సాగదీసినా నొక్కినా మారనివి ఏవో వాటిని మాత్రమే లెక్కిస్తుంది. పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు ఇందుకు డోనట్‌ను చూపుతాయి. తెలుగు తరగతికి గారె చాలు. గారెకు నడుమ రంధ్రం ఒకటి, ఇడ్లీకి రంధ్రం లేదు. ఎంత నొక్కినా ఇడ్లీ గారె కాదు. పొంగిన పూరీ మరో రకం: దానికి ఆరపార రంధ్రం లేదు, లోపల మూసుకున్న బోలు ఉంది. ఈ తేడాలను సంఖ్యలుగా చెప్పేవే బెట్టీ సంఖ్యలు. సున్నా బెట్టీ సంఖ్య విడివిడి ముక్కలను, మొదటి బెట్టీ సంఖ్య వలయాలను, రెండవది బోలు భాగాలను లెక్కిస్తుంది. 19వ శతాబ్దికి చెందిన ఇటలీ గణితవేత్త ఎన్రికో బెట్టీ పేర ఆన్రీ పొయెంకరే వీటికి ఆ పేరు పెట్టాడు.

పల్నాడు రైలుమార్గాలలో ఇందుకు చక్కని ఉదాహరణ దొరుకుతుంది. గుంటూరు పక్కనున్న నల్లపాడు నుంచి ఒక మార్గం సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా నడికుడి చేరుతుంది. నడికుడి నుంచి గురజాల మీదుగా మాచర్లకు శాఖామార్గం ఉంది. నల్లపాడు నుంచే మరొక మార్గం నరసరావుపేట, శావల్యాపురం మీదుగా వినుకొండ వైపు సాగుతుంది. ఈ తొమ్మిది స్థలాలను బిందువులుగా, వాటి నడుమ ఉన్న ఎనిమిది మార్గఖండాలను గీతలుగా తీసుకుంటే ఒక చెట్టు ఏర్పడుతుంది. విడిపోకుండా ఉన్న ఏ రేఖాపటంలోనైనా వలయాల సంఖ్య, గీతల సంఖ్యలో నుంచి బిందువుల సంఖ్యను తీసివేసి ఒకటి కలిపితే వస్తుంది. ఇక్కడ 8 – 9 + 1 = 0. అంటే వలయం లేదు. పిడుగురాళ్ల నుంచి నరసరావుపేటకు రైలులో వెళ్లాలంటే నల్లపాడు దాకా పోయి తిరిగి రావలసిందే.

నడికుడి – శ్రీకాళహస్తి కొత్త మార్గంలో భాగంగా పిడుగురాళ్ల నుంచి శావల్యాపురానికి పట్టాలు పడ్డాయి. ఒక గీత పెరిగింది: 9 – 9 + 1 = 1. మొదటి బెట్టీ సంఖ్య సున్నా నుంచి ఒకటికి మారింది. నల్లపాడు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, శావల్యాపురం, నరసరావుపేట ఒక వలయం మీదికి వచ్చాయి. ఆ వలయంలో ఎక్కడైనా ఒకచోట మార్గం మూతపడినా రెండో దారి ఉంటుంది. గురజాల, మాచర్లలకు ఆ వెసులుబాటు రాలేదు. అవి వలయానికి వెలుపల వేలాడే కొమ్మ మీద ఉన్నాయి. మొదటి బెట్టీ సంఖ్య ఆ కొమ్మను అసలు చూడదు. కొమ్మ ఉన్నా లేకపోయినా దాని విలువ ఒకటే. ఈ లెక్క ఇక్కడ గీసుకున్న చిన్న పటానికే చెల్లుతుంది. దేశమంతటి రైలు పటాన్ని తీసుకుంటే లెక్క వేరు. పటం హద్దులు మారితే బెట్టీ సంఖ్య మారుతుందన్న సంగతి ముందు ముందు పనికివస్తుంది.

3. నిలకడను కొలవడం

రైలు పటంలో ఏ ఊరికి ఏ ఊరు కలిసిందో ముందే తెలుసు. పరీక్షించిన బోర్లు అలా కావు. అవి వట్టి బిందువులు. బిందువులకు తమంతట తాముగా వలయం ఉండదు. వాటిని కలిపే నియమాన్ని పరిశోధకుడు ఇవ్వాలి. అందరూ ముందుగా తలచే నియమం ఇది: ఒక దూరం తీసుకుని, అంతకు మించని ఎడంలో ఉన్న ప్రతి జంటనూ గీతతో కలపడం, ముగ్గురు పరస్పరం కలిస్తే వారి నడుమ త్రిభుజాన్ని పూరించడం, నలుగురు కలిస్తే ఘనాన్ని పూరించడం. ఇలా తయారయ్యే నిర్మాణానికి వియెటోరిస్–రిప్స్ కాంప్లెక్స్ అని పేరు.

చిక్కు ఆ దూరం దగ్గరే. అది మరీ చిన్నదైతే బిందువులన్నీ విడివిడిగా ఉండిపోతాయి. మరీ పెద్దదైతే అన్నీ కలిసి ఒకే ముద్ద అవుతాయి. సరైన దూరం ఏది? పెర్సిస్టెంట్ హోమాలజీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు; ప్రశ్ననే తప్పిస్తుంది. ఒక దూరాన్ని ఎంచుకోకుండా సున్నా నుంచి పెంచుకుంటూ పోతుంది. పెరిగే క్రమంలో ఏ వలయం ఏ దూరం దగ్గర పుట్టింది, ఏ దూరం దగ్గర పూడిపోయింది అన్నది నమోదు చేస్తుంది. ప్రతి వలయానికీ జననం నుంచి మరణం వరకు ఒక గీత. ఈ గీతల వరుసనే బార్‌కోడ్ అంటారు. పొడవైన గీత దత్తాంశంలోని నిజమైన లక్షణాన్ని, పొట్టి గీత యాదృచ్ఛికమైన అలికిడిని సూచిస్తుందన్నది వాడుకలో ఉన్న మొదటి ఊహ. అది ఊహ మాత్రమేనని గుర్తుంచుకోవాలి.

ఈ పద్ధతికి గణితపరమైన బలం 2007లో ప్రచురితమైన స్థిరత్వ సిద్ధాంతం. డేవిడ్ కోహెన్-స్టైనర్, హెర్బర్ట్ ఎడెల్స్‌బ్రూనర్, జాన్ హారర్ దాన్ని నిరూపించారు. దత్తాంశం కొద్దిగా చలిస్తే బార్‌కోడ్ కూడా కొద్దిగానే చలిస్తుందని దాని సారాంశం. భూగర్భజల ఉదాహరణలో చెప్పాలంటే, ప్రతి బోరు స్థానం జీపీఎస్ లోపం వల్ల 10 మీటర్ల మేర అటూ ఇటూ నమోదైందనుకుందాం. ఏ రెండు బోర్ల నడుమ దూరమైనా 20 మీటర్లకు మించి మారదు. కాబట్టి పొడవైన గీతల రెండు కొసలూ 20 మీటర్లకు మించి కదలవు. 40 మీటర్లకు మించని పొట్టి గీతలు కొత్తగా పుట్టవచ్చు, ఉన్నవి పోవచ్చు. క్షేత్రపరిశోధకునికి ఇది గొప్ప భరోసా.

అయితే ఈ భరోసాకు హద్దు ఉంది. బిందువు కాస్త జరిగితే సిద్ధాంతం కాపాడుతుంది. దూరాన ఉన్న బిందువు మొత్తంగా మాయమైతే కాపాడదు. 1.49 వచ్చిన బోరు ఎర్రచుక్క కాదు, 1.51 వచ్చినది ఎర్రచుక్క. నమూనాను సేకరించిన రుతువును బట్టి, ప్రయోగశాలను బట్టి ఆ మాత్రం తేడా సహజమే. ఒక చుక్క ఉండడం, లేకపోవడం బార్‌కోడ్‌ను ఎంత మార్చగలదో కాగితం మీదే లెక్కించి చూడవచ్చు.

4. నాలుగు బోర్లు, నడుమ ఐదవది

ఒక కిలోమీటరు భుజం గల చతురస్రం నాలుగు మూలలలో నాలుగు బోర్లు ఉన్నాయనుకుందాం. నాలుగింటిలోనూ ఫ్లోరైడ్ 1.5 దాటింది. దూరాన్ని సున్నా నుంచి పెంచుతూ పోతే, 1 కిలోమీటరు దగ్గర నాలుగు భుజాలూ ఒకేసారి వస్తాయి. వలయం పుట్టింది. కర్ణం పొడవు 2 యొక్క వర్గమూలం, అంటే దాదాపు 1.414 కిలోమీటర్లు. దూరం అక్కడికి చేరగానే కర్ణాలు వచ్చి త్రిభుజాలు పూడుతాయి. వలయం గతించింది. బార్‌కోడ్‌లో 1 నుంచి 1.414 వరకు ఒక గీత.

ఇప్పుడు చతురస్రం నడిమధ్యన ఐదవ బోరును, అందులోనూ ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందని చేర్చుదాం. దాని నుంచి ప్రతి మూలకూ దూరం దాదాపు 0.707 కిలోమీటరు. ఆ దూరం వద్దనే అది నాలుగు మూలలతోనూ కలిసిపోతుంది. దూరం 1కి చేరి భుజాలు వచ్చే క్షణానికే ప్రతి భుజమూ నడిమి బోరుతో త్రిభుజమై పూడిపోతుంది. వలయం పుట్టనే లేదు. ఒక్క పరిశీలనతో గీత మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.

ఇక అసలు విషయం. నడుమ బోరు ఉంది, దాన్ని పరీక్షించారు, ఫ్లోరైడ్ 0.8 వచ్చింది, కాబట్టి అది ఎర్రచుక్కల జాబితాలో లేదు. ఇది మొదటి సందర్భం. నడుమ బోరు ఉంది, దాన్ని ఎవరూ పరీక్షించలేదు. కాబట్టి అది ఎర్రచుక్కల జాబితాలో లేదు. ఇది రెండవ సందర్భం. రెండు సందర్భాలలోనూ ఎర్రచుక్కల బార్‌కోడ్ ఒక్కటే: 1 నుంచి 1.414 వరకు. ఎంత శక్తిమంతమైన కంప్యూటర్ మీద నడిపినా, ఎంత కొత్త సాఫ్ట్‌వేర్ వాడినా ఈ రెండింటినీ ఆ బార్‌కోడ్ విడదీయదు.

విడదీసే దారి టోపాలజీలోనే ఉంది. రెండు సమితులు తీసుకోవాలి. ఒకటి పరిమితి దాటిన బోర్ల సమితి. రెండవది పరీక్షించిన మొత్తం బోర్ల సమితి. మొదటిది రెండవదానిలో భాగం. మొదటి సమితిలోని ప్రతి గీతకూ, ప్రతి త్రిభుజానికీ రెండవ సమితిలోనూ చోటుంటుంది. కాబట్టి మొదటి సమితిలోని వలయాన్ని రెండవ సమితిలోకి పంపి, అక్కడ దాని గతి ఏమైందో చూడవచ్చు. మొదటి సందర్భంలో నడిమి బోరు రెండవ సమితిలో ఉంది. వలయం అక్కడ పూడిపోతుంది. అంటే ఆ ప్రాంతానికి పరిశీలన చేరింది, అక్కడ నీరు పరిమితిలో ఉంది. రెండవ సందర్భంలో నడుమ ఏమీ లేదు. వలయం రెండవ సమితిలోనూ అలాగే నిలుస్తుంది. అంటే అది పరిశీలనలోని ఖాళీ. నీటి గురించి అది ఏమీ చెప్పదు.

హోమాలజీలో ఒక నిర్మాణం నుంచి మరొక నిర్మాణానికి పంపే ఈ సౌలభ్యాన్ని ఫంక్టోరియల్ లక్షణం అంటారు. వలయాలను లెక్కించడానికి హోమాలజీ ఒక్కటే మార్గం కాదు గాని, ఒక వలయం మరో చోటికి వెళ్లినప్పుడు బతికిందా లేదా అని చెప్పగలగడం దాని ప్రత్యేక బలం. ఉపసమితి నుంచి పూర్ణసమితికి పోయే ఈ ప్రయాణానికి బార్‌కోడ్ లెక్కించే పద్ధతిని కోహెన్-స్టైనర్, ఎడెల్స్‌బ్రూనర్, హారర్, ద్మిత్రీ మొరొజోవ్ 2009లో ప్రకటించారు. పరిశీలన ఎంతవరకు చేరిందన్న ప్రశ్నను అంతకు ముందే, 2007లో, విన్ డి సిల్వా, రాబర్ట్ గ్రిస్ట్ సెన్సర్ల జాలం విషయంలో చర్చించారు. సెన్సర్ల అక్షాంశ రేఖాంశాలు తెలియకపోయినా, ఏది దేనికి దగ్గరగా ఉందో తెలిస్తే చాలు, అవి ఒక ప్రాంతాన్ని పూర్తిగా కప్పుతున్నాయో లేదో కొన్ని నిబంధనల కింద హోమాలజీ చెప్పగలదని వారు చూపారు.

1.5 అన్న గీటు దగ్గర వచ్చే చిక్కును తప్పించుకోవడానికి ఫ్లోరైడ్ విలువనే పెరిగే కొలతగా తీసుకునే వీలూ ఉంది. దూరమూ ఫ్లోరైడ్ విలువా రెండూ ఒకేసారి మారితే అది బహుళ పరామితుల నిలకడ అవుతుంది. అక్కడ మాత్రం ఒక పరామితికి దొరికినంత సంపూర్ణమైన బార్‌కోడ్ దొరకదని కార్ల్‌సన్, జొమొరోడియన్ చూపారు. నేటికీ చురుకుగా పరిశోధన సాగుతున్న సమస్య ఇది.

5. ఏ దూరం?

పై లెక్కలో దూరం కిలోమీటర్లలో ఉంది. నీటి రసాయన గుణాన్నే ఆకారంగా చూడాలనుకునే పరిశోధకునికి అంత సులువు కాదు. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు. కరిగిన మొత్తం లవణాలు వందలు, వేలు. పీహెచ్ విలువకు ప్రమాణమే లేదు. వీటిని యథాతథంగా యూక్లిడ్ దూరంలో పెడితే లవణాల సంఖ్య తక్కినవాటిని మింగేస్తుంది. ఆకారం నీటిది కాక, కొలతల ప్రమాణాలది అవుతుంది.

ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని భారత సంఖ్యాక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు తమ ఇరవై అయిదవ ఏట, 1945లో, కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. ఆ వ్యాసాన్ని సాధారణంగా క్రామర్–రావు అసమానత కోసం తలుస్తారు. అదే వ్యాసంలో సంభావ్యతా విభాజనాల నడుమ దూరాన్ని వక్రతలం మీది దూరంగా నిర్వచించారు. నేడు దాన్ని ఫిషర్–రావు దూరం అంటున్నారు. అంతకు ముందు, 1936లో, పి. సి. మహలనోబిస్ చరరాశుల వ్యాప్తినీ వాటి పరస్పర సంబంధాన్నీ లెక్కలోకి తీసుకునే దూరాన్ని ప్రతిపాదించి ఉన్నారు. పెర్సిస్టెంట్ హోమాలజీ దూరాన్ని తనంతట తాను ఎంచుకోదు, ఇచ్చినదాన్ని పుచ్చుకుంటుంది. ఏ దూరాన్ని ఎందుకు ఎంచుకున్నారో చెప్పని వ్యాసంలో బార్‌కోడ్ ఎంత అందంగా ఉన్నా అది సగం ఫలితమే.

6. పరిశోధక సముదాయం

ఈ రంగం ఒకే ఊరిలో పుట్టలేదు. 1990 ప్రాంతంలో ఇటలీలో పత్రిజియో ఫ్రోసీని ఆకారాలను పోల్చడానికి సైజ్ ఫంక్షన్లను ప్రవేశపెట్టాడు. 1999లో వనెస్సా రాబిన్స్ పరిమిత బిందువుల నుంచి హోమాలజీని గ్రహించే తీరును చర్చించింది. 2000లో ఎడెల్స్‌బ్రూనర్, డేవిడ్ లెచర్, అఫ్రా జొమొరోడియన్ నిలకడను వేగంగా లెక్కించే పద్ధతిని ప్రకటించారు. ఒకరి భావన మరొకరికి తెలియకుండా మూడు చోట్ల మూడు పేర్లతో మొలకెత్తడం గమనార్హం. 2005లో జొమొరోడియన్, గున్నార్ కార్ల్‌సన్ దానికి బీజగణిత పునాది వేశారు. 2007లో గుర్జీత్ సింగ్, ఫకుందో మెమొలీ, కార్ల్‌సన్ రూపొందించిన మ్యాపర్ పద్ధతి దత్తాంశాన్ని చిన్న రేఖాపటంగా కుదించి చూపుతుంది. 2011లో మోనికా నికొలావ్, ఆర్నాల్డ్ లెవిన్, కార్ల్‌సన్ ఆ మార్గంలో రొమ్ము క్యాన్సర్ దత్తాంశం నుంచి చక్కగా బతికి బయటపడే రోగుల ఉపవర్గాన్ని గుర్తించిన తరువాత ఈ రంగం పేరు గణితశాఖల గోడలు దాటింది.

ఈ రంగంలో ఆల్ఫా షేప్స్ అనే పూర్వపద్ధతికి సాఫ్ట్‌వేర్‌ను పరిచయం చేసిన 1995 నాటి వ్యాసం రచయితల వరుసలో మొదటి పేరు నటరాజ్ అక్కిరాజు. తెలుగు చెవికి పరిచితమైన ఇంటిపేరు అది.

గణితవేత్తలు, కంప్యూటర్ శాస్త్రవేత్తలు, జీవశాస్త్రవేత్తలు ఒకరి భాష ఒకరికి తెలియని స్థితిలో కలిసిన రంగం కాబట్టి, సమావేశాలకు ఇక్కడ మామూలు కంటె ఎక్కువ పని ఉంది. బీజీయ టోపాలజీ పద్ధతులు, గణన, విజ్ఞానశాస్త్రం పేరిట 2001లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన సమావేశాల వరుస నేటికీ సాగుతోంది. మినియాపొలిస్‌లోని గణిత అనువర్తనాల సంస్థ 2013–14 విద్యాసంవత్సరం మొత్తాన్ని బీజీయ టోపాలజీ అనువర్తనాలకు కేటాయించింది. ఆ సంవత్సరపు వాతావరణంలోంచే అప్లైడ్ ఆల్జిబ్రాయిక్ టోపాలజీ రిసెర్చ్ నెట్‌వర్క్ రూపుదిద్దుకుంది. ఉపన్యాసాలను ఆన్‌లైన్‌లో నిర్వహించి, వాటి దృశ్యముద్రణలను ఉచితంగా అందుబాటులో ఉంచడం దాని ప్రధాన కార్యక్రమం. కోవిడ్ వల్ల తక్కిన శాస్త్రాలు 2020లో అలవరచుకున్న పద్ధతిని ఈ సముదాయం అప్పటికే ఏళ్ల తరబడి పాటిస్తోంది. నేడు అక్కడ వందలాది ఉపన్యాసాలు, ప్రారంభకుల పాఠాలు ఉన్నాయి. ఒక సిద్ధాంతాన్ని నిరూపించిన వ్యక్తే దాన్ని గంటసేపు వివరించడాన్ని నరసరావుపేటలోని పరిశోధక విద్యార్థి, స్టాన్‌ఫర్డ్ విద్యార్థి ఒకే తీరున చూడగలరు. ప్రత్యక్షంగా పాల్గొనాలంటే మాత్రం గడియారం అడ్డు వస్తుంది. అమెరికా తూర్పుతీరపు మధ్యాహ్నం 12 గంటలంటే మనకు వేసవిలో రాత్రి 9.30, చలికాలంలో 10.30.

2016లో అదే మినియాపొలిస్ సంస్థలో గణన టోపాలజీలోని మహిళా పరిశోధకుల కార్యశాల జరిగింది. దాని పద్ధతి గమనించదగినది. పూర్తయిన ఫలితాలను చదివి వెళ్లడం కాక, అనుభవజ్ఞుల వెంట చిన్న బృందాలుగా కూర్చుని కొత్త సమస్యల మీద పని మొదలుపెట్టారు. ఎరిన్ చేంబర్స్, బ్రిటనీ ఫాసీ, లోరీ జీగెల్‌మయర్ సంపాదకత్వంలో 2018లో ఆ పనుల సంపుటం వెలువడింది. ఫాసీ బృందం 2014లో సంఖ్యాకశాస్త్ర పత్రికలో ప్రకటించిన మరో వ్యాసం ఈ సముదాయంలోని ఆత్మవిమర్శకు మంచి తార్కాణం. పొడవైన గీత నిజం, పొట్టి గీత అలికిడి అన్న వాడుకకు కొలత ఏదని ప్రశ్నించి, బార్‌కోడ్‌కు విశ్వసనీయతా అవధులను నిర్మించే మార్గాన్ని ఆ వ్యాసం ఇచ్చింది. అనువర్తిత, గణన టోపాలజీకి ప్రత్యేక పత్రిక 2017 నుంచి వెలువడుతోంది.

సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని ఈ సముదాయం పరిశోధనగానే పరిగణిస్తుంది. కారణం సంఖ్యలలోనే ఉంది. 100 బిందువుల నుంచి ఏర్పడగల త్రిభుజాలు 1,61,700. బిందువులు 1,000 అయితే త్రిభుజాలు 16,61,67,000. పదిరెట్ల దత్తాంశానికి వెయ్యిరెట్లకు పైగా త్రిభుజాలు. ఉల్‌రిచ్ బావర్ రచించిన రిప్సర్ ఈ భారాన్ని చాలా తెలివిగా తగ్గిస్తుంది. బ్రౌజర్‌లోనే నడిచే రూపమూ దానికి ఉంది. ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ నిర్మించిన గుదీ గ్రంథాలయం మరింత విస్తృతమైనది. రెండూ ఉచితమే. వీటి మూలసంకేతం బహిరంగంగా ఉన్నందువల్ల దోషాన్ని నివేదించడం, ఉదాహరణను చేర్చడం, వివరణపత్రాన్ని మెరుగుపరచడం కూడా సముదాయంలోకి ప్రవేశమార్గాలే. సిద్ధాంతం నిరూపించేదాకా ఆగనక్కరలేదు.

టోపాలజీని నిజమైన దత్తాంశానికి వాడిన వ్యాసాలను సేకరించి, రంగాన్ని బట్టి, పద్ధతిని బట్టి వెతికే వీలు కల్పించిన డోనట్ అనే దత్తాంశనిధిని బార్బరా జుంటి, యానిస్ లజోవ్‌స్కిస్, బాస్టియన్ రీక్ 2022లో పరిచయం చేశారు. పీహెచ్.డి. అంశాన్ని ఖరారు చేసుకోబోయే విద్యార్థి అంతకు ముందు చూడవలసిన చోటు ఇదే. ఒకరు చేసిన పనినే మరో జిల్లా పేరుతో చేసే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

7. తెలుగునాట, పల్నాట

అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ 2010 ఆగస్టులో హైదరాబాదులో జరిగింది. భారతదేశంలో ఆ మహాసభ జరగడం అదే మొదటిసారి. తిరుపతిలో 2015లో ఐసర్ ఏర్పడింది. అక్కడి గణితశాఖలో బీజీయ టోపాలజీ అధ్యయనం ఉంది. బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో విజయ్ నటరాజన్ బృందం శాస్త్రీయ దత్తాంశాన్ని దృశ్యరూపంలో చూపడానికి టోపాలజీని చాలాకాలంగా వాడుతోంది. ఆ సంస్థలోనే చదివిన తమల్ డే, యూసు వాంగ్‌తో కలిసి రాసిన గణన టోపాలజీ పాఠ్యగ్రంథం 2022లో వెలువడింది. జాతీయ గణిత కేంద్రం నిర్వహించే ఉన్నత శిక్షణ పాఠశాలలు కళాశాల అధ్యాపకులకూ తెరిచే ఉంటాయి. ఇవన్నీ ఉన్నా, జిల్లా స్థాయి కళాశాలలో టోపాలజీ ఎం.ఎస్సీ. ప్రశ్నపత్రం దాటి బయటికి రావడం అరుదు. కాంపాక్ట్ సమితుల నిర్వచనం చెప్పగల విద్యార్థికి ఒక్క బెట్టీ సంఖ్యను చేతితో లెక్కించే అవకాశం దొరకదు. హోమాలజీ చాలాచోట్ల పాఠ్యప్రణాళికలోనే లేదు.

పరిభాష విషయంలోనూ పని మిగిలే ఉంది. 11వ శతాబ్దికి చెందినవాడని సాహిత్య చరిత్రకారులు చెప్పే పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాలలో చెప్పాడు. పెర్సిస్టెంట్ హోమాలజీకి మాత్రం తెలుగులో స్థిరపడిన మాట లేదు. ‘నిలకడ’ అన్న మాట అందులోని సగం భావాన్ని చక్కగా పట్టుకుంటుంది. హోమాలజీని అనువదించడం కంటె అలాగే ఉంచడం మేలు.

పల్నాడులో ఈ పద్ధతికి తగిన సమస్యలు కనీసం రెండు కళ్లెదుటే ఉన్నాయి. ఒకటి సున్నపురాయి. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల ప్రాంతాల సున్నపురాయి, నాపరాయి సిమెంటుకు, సున్నపు బట్టీలకు, ఇళ్ల గచ్చుకు పోతున్నాయి. రాతిలోని సూక్ష్మరంధ్రాలు ఎలా కలుస్తున్నాయో త్రిమితీయ ఎక్స్‌రే చిత్రాల నుంచి పెర్సిస్టెంట్ హోమాలజీతో తెలుసుకునే పనిని రాబిన్స్, ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలోని ఆమె సహచరులు చేశారు. దానికి ఖరీదైన యంత్రం కావాలి.

రెండవది ముందు చెప్పిన నీటి సమస్య. దీనికి యంత్రం కంటె ఓర్పు ఎక్కువ కావాలి. రసాయనశాస్త్ర శాఖ నమూనాలు పరీక్షించాలి, గణితశాఖ కాంప్లెక్స్ నిర్మించాలి, కంప్యూటర్ శాఖ దాన్ని నడపాలి. మూడు శాఖలూ ఒకే కళాశాలలో, ఒకే ఆవరణలో ఉంటాయి. కలిసి వ్యాసం రాయడం మాత్రం తక్కువ. దత్తాంశపట్టికను తయారుచేసేటప్పుడు పాటించవలసిన నియమం నాలుగు బోర్ల లెక్కలోంచే వస్తుంది. పరిమితి దాటిన బోర్లను మాత్రమే అనుబంధంలో ఇవ్వడం వాడుకలో ఉన్న అలవాటు. ఆ పట్టికతో ఉపసమితి బార్‌కోడ్ వస్తుంది గాని, దాన్ని పోల్చవలసిన పూర్ణసమితి ఉండదు. పరీక్షించి, పరిమితిలోనే ఉందని తేలిన ప్రతి బోరుకూ పట్టికలో ఒక వరుస కావాలి: స్థానం, లోతు, తేదీ, విలువ. ఎండిపోయినందువల్ల నమూనా తీయలేకపోయిన బోరుకు కూడా, విలువ గడిని ఖాళీగా వదిలి, కారణం రాసి మరో వరుస. అలాంటి పట్టిక ఉంటే, వలయం నడుమనున్న ఊరికి మంచినీరు ఉందో, లేక ఇంతవరకు ఆ ఊరి నీటిని ఎవరూ చూడలేదో రిప్సర్ కంటె ముందు పట్టికే చెప్పడం మొదలుపెడుతుంది. వందల బోర్లు, అనేక వలయాలు ఉన్నప్పుడు మిగిలిన పని హోమాలజీ చేస్తుంది.